500 గంటలు సరే, చేతికి ఏం వచ్చింది?

ఫార్మసిస్టు కావడానికి చదివే డిప్లొమా డీఫార్మసీ. అందులో రెండేళ్ల చదువు అయ్యాక ప్రాక్టికల్ ట్రైనింగ్ 500 గంటలు చేయాలి, అదీ మూడు నెలలకు తగ్గకుండా. ఈ గంటల కోసం ఒకే కాలేజీ నుంచి ముగ్గురు పిల్లలు బయల్దేరారనుకుందాం. ఒకడు నెల్లూరు పొగతోటలో బాగా రద్దీగా ఉండే మందుల షాపులో చేరాడు. ఒకమ్మాయి ఏదో ఏరియా ఆసుపత్రి ఓపీ కౌంటర్లో. మూడోవాడు కనిగిరి దాటాక తన ఊళ్లోనే ఉన్న చిన్న మెడికల్ షాపులో. మొదటివాడు మూడు నెలలు తిరిగేసరికి ఏ కంపెనీ బిళ్ల ఏ అరలో ఉందో కళ్లు మూసుకుని తీసిస్తాడు. అమ్మాయి పొద్దున్నుంచీ చీటీల మీద చీటీలు చూస్తుంది, కత్తెరతో స్ట్రిప్పులు కత్తిరించి ఇస్తుంది, కానీ ఒక్క రోగితో నాలుగు మాటలు మాట్లాడే తీరిక దొరకదు. మూడోవాడికి మధ్యాహ్నమంతా ఖాళీ, ఓనరు భోజనానికి వెళ్తే కొట్టుకు కాపలా. ముగ్గురి సర్టిఫికెట్లలో మాత్రం అక్షరం తేడా ఉండదు.

గంటలు చెప్పేది హాజరు ఒక్కటే. పని వచ్చిందో రాలేదో తేలాలంటే పనుల్నే లెక్కపెట్టాలి. ఏ పని, ఎంత కచ్చితంగా, ఎవరి ముందు, ఎన్నిసార్లు చేశారన్నది కాగితం మీద ఉండాలి. ఆ కాగితం పొగతోటలోనైనా, పొదిలిలోనైనా ఒకటే అయి ఉండాలి. నేను వాదించేది ఇంతే, కానీ దీన్ని నిజంగా చేయడానికి కూర్చుంటే చిక్కులన్నీ చిన్న చిన్న చోట్లలోనే ఉంటాయి.

నిబంధనల్లో లోపం లేదని ముందే ఒప్పుకోవాలి. 1991 నాటి డీఫార్మసీ విద్యా నిబంధనల్లోనే 500 గంటల్లో కనీసం 250 గంటలు నిజంగా చీటీలకు మందులిచ్చే పనిలో గడవాలని ఉంది. రికార్డులు రాయడం, పరికరాలు వాడటం, చీటీ చదివి మోతాదు సరిచూడటం, మందులు నిల్వ చేయడం, వీటిలో అనుభవం రావాలని కూడా ఉంది. ఒక్క ఫార్మసిస్టు ఉన్న చోట ఇద్దరికి మించి ట్రైనీలు ఉండకూడదు. బీఫార్మసీకి ఆరో సెమిస్టర్ తర్వాత నాలుగు వారాల్లో 150 గంటలు, ఫార్మ్‌డీకి చివరి ఏడాది మొత్తం ఆసుపత్రిలో ఇంటర్న్‌షిప్. కొరత ఎక్కడంటే, ‘అనుభవం’ అన్న మాటకు కొలత లేదు. కొలత లేని చోట సంతకమే కొలత అవుతుంది.

షాపుల దాకా వెళ్లకముందే తేడాలు కాలేజీ ల్యాబులో మొదలవుతాయి. మన నెల్లూరు, ప్రకాశం జిల్లాల ఎండలకు, వానలకు ఇందులో పాత్ర ఉంది. కోకో బటర్‌తో సపోజిటరీలు, అంటే మలద్వారంలో పెట్టే మందు కడ్డీలు, పోసే ప్రాక్టికల్ తీసుకోండి. ఆ వెన్న 34 నుంచి 36 డిగ్రీల మధ్య కరుగుతుంది, దాని గుణమే అది, ఒంట్లో కరగాలి కాబట్టి. మే నెలలో ఒంగోలు, నెల్లూరు గదుల్లో ఫ్యాను కింద కూడా అది గట్టిపడదు. ఆపైన కరిగించేటప్పుడు తొందరపడి వేడి పెంచితే, అంతకంటే తక్కువ వేడికే కరిగే అస్థిరమైన రూపంలోకి మారి, అచ్చు నుంచి తీయగానే వేళ్లకు అంటుకుంటుంది. డిసెంబర్లో ఇదే ప్రాక్టికల్ చేసిన బ్యాచికి మార్కులు పడతాయి, మేలో చేసినవాళ్లకు పోతాయి. ఇద్దరి చేతి పనిలో తేడా ఏమీ లేదు, తేడా అంతా క్యాలెండర్లో ఉంది. పరిష్కారం కూడా అక్కడే ఉంది. కోకో బటర్‌ని డిసెంబరు, జనవరికి జరపాలి. కుదరకపోతే ఎండాకాలంలో గ్లిసరిన్-జెలటిన్ బేసుతో చేయించాలి. గది ఉష్ణోగ్రత ఎంతో రికార్డులో మొదటి వరుసలోనే రాయించాలి.

వానాకాలం కష్టం వేరు. అక్టోబరు, నవంబరు నెలల్లో సముద్రపు గాలికి మూత సరిగా పెట్టని అకేషియా గమ్ (తుమ్మ జిగురు) పొడి తేమ పీల్చి ఉండలు కడుతుంది. నూనెను నీళ్లలో కలిసిపోయేలా చేసే ఎమల్షన్ ప్రాక్టికల్లో సగం మందికి ‘రాకపోవడానికి’ ఇదొక కారణం. పొడి గమ్ పద్ధతిలో మామూలు నూనెకు లెక్క 4:2:1. అంటే 20 మి.లీ. నూనె, 10 మి.లీ. నీళ్లు, 5 గ్రాముల గమ్. నూరే మోర్టార్ (కల్వం) పింగాణీదై లోపల గరుకుగా ఉండాలి, గాజుది పనికిరాదు. నూనె కొలిచే సిలిండరు పొడిగా ఉండాలి, అదే సిలిండర్లో ముందు నీళ్లు కొలిచారా, పని అక్కడే చెడింది. నూనె, గమ్ కలిపాక 10 మి.లీ. నీళ్లు ఒక్కసారిగా పోసి, ఆపకుండా ఒకే దిక్కుకు వేగంగా నూరాలి. కాసేపటికి తెల్లబడి చిటపటమని శబ్దం వస్తుంది, అప్పుడే ప్రైమరీ (మొదటి చిక్కటి) ఎమల్షన్ కుదిరినట్టు. ఆ శబ్దం రాకముందే మిగతా నీళ్లు కలిపితే నూనె పైకి తేలుతుంది. చాలామంది చేసే తప్పు నీళ్లు చుక్కలు చుక్కలుగా పోయడం. జాగ్రత్తగా చేస్తున్నామనుకుని పాడు చేసుకుంటారు. ఈ వివరం ల్యాబ్ మాన్యువల్లో ఒక్క వాక్యంగా ఉంటుంది, చూపించేవాళ్లు లేకపోతే పిల్లలకు అర్థం కాదు. ఇక్కడ నాణ్యత అంటే గమ్ డబ్బా మూత బిగుతుగా పెట్టడం, డబ్బా తెరిచిన తేదీ దాని మీద రాయడం. పెద్ద మాటలేం అక్కర్లేదు.

తూకం గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే అన్నిటికంటే నిశ్శబ్దంగా జరిగే తప్పు ఇదే. చాలా ల్యాబుల్లో ఉండేది 0.01 గ్రాము, అంటే 10 మి.గ్రా. వరకు చూపే డిజిటల్ తక్కెడ. దాని మీద 50 మి.గ్రా. తూస్తే 10 మి.గ్రా. అటూ ఇటూ అయినా తెరకు తెలియదు, 20 శాతం తప్పు అక్కడే దూరింది. 5 శాతానికి మించి తప్పు ఒప్పుకోం అనుకుంటే ఆ తక్కెడ మీద 200 మి.గ్రా. కంటే తక్కువ తూయకూడదు. అంతకు తక్కువ కావాలంటే పలచన చేసి భాగం తీసుకోవాలి. 25 మి.గ్రా. మందు కావాలి. 250 మి.గ్రా. మందు తూచి, 2,250 మి.గ్రా. లాక్టోజ్‌తో (పాల చక్కెర పొడితో) కలిపి, ఆ 2,500లోంచి 250 మి.గ్రా. తీస్తే అందులో 25 ఉంటుంది. కలిపేటప్పుడు లాక్టోజ్ అంతా ఒకేసారి పోయకూడదు. మందు ఎంతుందో అంత లాక్టోజ్, తర్వాత ఆ మిశ్రమం ఎంతుందో అంత, ఇలా రెట్టింపు చేసుకుంటూ పోవాలి. నెమ్మదైన పనే, కానీ దీన్ని దాటేస్తే తర్వాత పొట్లాల తూకం ఎంత సరిపోయినా ఒకదాంట్లో మందు ఎక్కువ, ఒకదాంట్లో తక్కువ.

తక్కెడకు ఇంకో శత్రువు సీలింగ్ ఫ్యాను. ఎండాకాలం దాన్ని ఆపమంటే పిల్లలు మొహం మాడ్చుకుంటారు, అందుకని తిరుగుతున్న ఫ్యాను కిందే తూస్తారు, అంకెలు ఊగుతుంటే తమకు నచ్చిన చోట ఆగినట్టు రాసుకుంటారు. తక్కెడ గోడ పక్కన, గాలి తగలని మూల, కదలని బల్ల మీద ఉండాలి. మట్టం చూపే బుడగ మధ్యలో ఉందో లేదో చూడాలి. రోజూ పొద్దున ఒక తెలిసిన బరువు పెట్టి, వచ్చిన అంకె గోడకు వేలాడే పుస్తకంలో రాయాలి. నెల తర్వాత ఆ పుస్తకం తిరగేస్తే తక్కెడ ఎప్పటినుంచి తప్పు చెబుతోందో తెలుస్తుంది, ఏ బ్యాచి మార్కులు అన్యాయంగా పోయాయో కూడా తెలుస్తుంది.

ఇవన్నీ కొలవదగ్గ పనులు. 500 మి.గ్రా. పొట్లాలు పది కట్టించి, పదింటినీ తూచి చూడండి. క్యాప్సూళ్లు చేత్తో నింపించి 20 తూయండి. నింపిన బరువు 300 మి.గ్రా. లోపైతే సగటుకు 10 శాతం, 300 నుంచి పైనైతే 7.5 శాతం అటూ ఇటూ వరకు ఫార్మకోపియా (మందుల ప్రమాణాల గ్రంథం) ఒప్పుకుంటుంది. ‘నీట్‌గా చేశాడు’ అని మార్కులు వేసే అవసరమే లేదు, తక్కెడే చెబుతుంది.

షాపులో, ఆసుపత్రిలో చేసే పనులకు కూడా ఇలాగే కొలత పెట్టవచ్చు. పిల్లల యాంటీబయాటిక్ పొడి సీసా కలపడం చూద్దాం. ఏ షాపులోనైనా ట్రైనీ చేతికి మొదట ఇచ్చే పనుల్లో ఇదొకటి. సరైన వరుస ఇది: సీసాను అరచేతికి తట్టి అడుగున గట్టిపడ్డ పొడిని వదులు చేయాలి. కాచి చల్లార్చిన నీళ్లు సగం పోసి మూతపెట్టి బాగా కుదపాలి. నురగ అణిగాక గీత వరకు పోసి మళ్లీ కుదపాలి. మట్టం తగ్గితే మళ్లీ గీత వరకు నింపాలి. జరిగేదేమిటంటే, ఒకేసారి గీత దాకా పోస్తారు, కుదిపితే పొడి తడిసి మట్టం దిగుతుంది, అలాగే ఇచ్చేస్తారు. 30 మి.లీ. కావాల్సిన చోట 26 ఉంటే, 5 మి.లీ.కి 125 మి.గ్రా. ఉండాల్సిన మందు 144 అవుతుంది, సీసా ముందే అయిపోతుంది. నురగను చూసి గీత దాటించి 36 చేస్తే 104కు పడిపోతుంది. కలిపాక సిలిండర్లో పోసి చూస్తే 29 నుంచి 31 మధ్య ఉండాలి, అదే పాస్. అభ్యాసానికి అసలు యాంటీబయాటిక్ అక్కర్లేదు. ఖాళీ సీసాల్లో పంచదార పొడి, కాస్త మొక్కజొన్న పిండి కలిపి నింపుకుంటే సరిపోతుంది. పెన్సిలిన్ పడని పిల్లలకు ఆ పొడి గాలిలో లేచి ఇబ్బంది పెట్టదు.

స్ట్రిప్పు కత్తిరించడం ఇంకా చిన్న పని. బ్యాచ్ నంబరు, గడువు తేదీ సాధారణంగా ఒక కొసన అచ్చై ఉంటాయి. రెండో కొస నుంచి కత్తిరించడం మొదలుపెడితే చివరి బిళ్ల దాకా షాపులో ఉన్న ముక్క మీద తేదీ ఉంటుంది. తేదీ ఉన్న కొస నుంచే మొదలుపెట్టారా, నాలుగు రోజుల తర్వాత ఆ మిగతా ముక్క ఎప్పటిదో ఎవరికీ తెలియదు. రోగికి ఇచ్చే విడి బిళ్లల కవరు మీద పేరు, మోతాదు, గడువు రాయాలి. ‘తెల్ల బిళ్ల పొద్దున, పచ్చ బిళ్ల రాత్రి’ అని చెప్పి పంపితే, మరుసటి నెల కంపెనీ మారి రంగు మారగానే ఆ మాట అబద్ధమవుతుంది.

తప్పితే ప్రాణం మీదికి వచ్చే పనులు వేరే జాబితాగా పెట్టాలి. వాటిలో ‘కొంచెం తప్పాడు’ అనే మార్కు ఉండకూడదు. పారాసిటమాల్ పిల్లల మందు ఒకటి. 10 కిలోల బిడ్డకు కిలోకు 15 మి.గ్రా. చొప్పున 150 మి.గ్రా. అది 5 మి.లీ.కి 125 మి.గ్రా. ఉండే సిరప్‌లో 6 మి.లీ., 250 ఉండే సిరప్‌లో 3 మి.లీ., మి.లీ.కి 100 ఉండే డ్రాప్స్‌లో ఒకటిన్నర. డ్రాప్స్ సీసా ఇచ్చి 125 సిరప్ లెక్క చెబితే నాలుగింతలు పడుతుంది. ఇన్సులిన్ ఇంకొకటి. మన దగ్గర వయల్స్ ఎక్కువగా మి.లీ.కి 40 యూనిట్లవి, వాటికి ఎర్ర మూత సిరంజి. 100 యూనిట్ల మందుకు నారింజ రంగు మూతది. 100 యూనిట్ల వయల్ నుంచి ఎర్ర మూత సిరంజితో 20 గీత దాకా లాగితే లోపలికి వెళ్లేది 50 యూనిట్లు. తిరగేస్తే 8. ట్రైనీ ఈ రెండు లెక్కలూ కాగితం, ఫోను లేకుండా చెప్పాలి, రెండు సిరంజిలూ చేతికిచ్చి అడగాలి. మెథోట్రెక్సేట్ వారానికి ఒకసారా, రోజూనా అని ఆగి అడగడం మూడోది. కీళ్ల నొప్పులకు వారానికి ఒక్కసారి వేసుకోవాల్సింది రోజూ వేసుకుంటే రక్తకణాలు పడిపోతాయి. క్లోనజెపామ్, క్లోబజామ్, క్లోనిడిన్ లాంటి పేర్లు గొలుసు రాతలో ఒకేలా కనిపిస్తాయి. ‘అనుమానమొస్తే డాక్టరు గారికి ఫోన్ చేశాడా’ అన్నది మాత్రమే అక్కడ ప్రశ్న, ఊహించి సరిగ్గా ఇచ్చినా ఫెయిలే.

ఇప్పుడు చూసేవాళ్ల సంగతి. జాబితా ఎంత బాగున్నా మార్కులు వేసే ఇద్దరు రెండు రకాలుగా చూస్తే తూకం మళ్లీ తప్పుతుంది. ఒకాయన చేతిలో అందరికీ 20కి 17, ఇంకొకావిడ దగ్గర 11 దాటదు. వైద్య విద్యలో ఈ గొడవ పాతదే. 1975లో స్కాట్లాండ్‌లోని డండీలో రొనాల్డ్ హార్డెన్ స్టేషన్ల పరీక్ష తెచ్చింది ఇందుకే. విద్యార్థులందరూ ఒకే పనుల గుండా వెళ్తారు, ఒక్కో పనికి ఒకే పరీక్షకుడు, ఒకే కాగితం. దీన్ని మన కాలేజీల్లో పెట్టడానికి అయిదు బల్లలు, మోగించడానికి ఒక గంట, ఒక పూట చాలు. అంతకంటే ముఖ్యమైనది పరీక్షకులను సరిచూసుకోవడం. ఒక విద్యార్థి ఇన్‌హేలర్ వాడకం చెబుతుంటే ఫోనులో వీడియో తీసి, నలుగురు మాస్టార్లు వేర్వేరుగా కూర్చుని మార్కులు వేయాలి. ఎక్కడ తేడా వచ్చిందో ఆ వరుస బాగా లేదన్నమాట. ‘సరిగా వివరించాడు’ అన్న వరుస కొట్టేసి, ‘మందు నొక్కడానికి ముందు ఊపిరి పూర్తిగా వదలమని చెప్పాడు: అవును, కాదు’, ‘పది సెకన్లు బిగబట్టమని చెప్పాడు: అవును, కాదు’, ‘స్టెరాయిడ్ కాబట్టి నోరు పుక్కిలించమన్నాడు: అవును, కాదు’ అని రాయాలి. పొడి క్యాప్సూల్ ఇన్‌హేలరైతే ‘ఇది మింగేది కాదు’ అని చెప్పాడా లేదా అనేదీ ఉండాలి, మింగేవాళ్లు ఉంటారు.

చివర్లో రోగితోనే చెప్పించుకోవడం తప్పనిసరి. ‘పెద్దమ్మా, ఇంటికెళ్లాక ఎట్టా వేసుకుంటావో ఒక్కసారి నాకు చెప్పు’ అంటే, ఆమె ‘పొద్దున రెండు, మాపటికి రెండు కదా నాయనా’ అంటుంది, చీటీలో ఉన్నది ఒకటీ ఒకటీ. ‘అర్థమైందా?’ అని అడిగితే తలూపి వెళ్లిపోయేది.

జాబితా పట్టుకుంటే పిల్లలు మరమనుషులవుతారని ఒక అభ్యంతరం ఉంది. కొట్టిపారేయదగ్గది కాదు. కనిగిరి, పొదిలి వైపు ఫ్లోరైడ్ నీళ్లు తాగి నడుములు, కీళ్లు పట్టేసినవాళ్లు నొప్పి బిళ్లల కోసం షాపుకే వస్తారు, చీటీ పాతదో, అసలు లేనిదో. కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న ప్రాంతం కూడా అదే. డైక్లోఫెనాక్ రోజూ మింగితే కిడ్నీ మీద ఏం పడుతుందో పుస్తకంలో చదివిన కుర్రాడు, ఎదురుగా వంగి నిలబడిన తాతకు ‘ఇవ్వను’ అని చెప్పగలడా, చెబితే ఎలా చెబుతాడు? ఇది అవును, కాదుల్లో ఇమడదు. కానీ ‘ఎన్నాళ్లుగా వేసుకుంటున్నారు, బీపీ ఉందా, కిడ్నీ పరీక్ష క్రియాటినిన్ ఎప్పుడు చూపించుకున్నారు’ అన్న మూడు ప్రశ్నలు అడిగాడా లేదా అన్నది ఇముడుతుంది. అవి అడిగాకే ఆలోచించడం మొదలవుతుంది. జాబితా లేకుండా వదిలేస్తే ఆలోచన పెరుగుతుందన్న నమ్మకం నాకు లేదు. రద్దీలో మొదట ఎగిరిపోయేది ప్రశ్నలే.

షాపు వాళ్ల మాట కూడా వినాలి. సాయంత్రం ఆరు నుంచి తొమ్మిది దాకా పొగతోటలో ఊపిరి తీసుకునే వ్యవధి ఉండదు, అప్పుడు నేర్పమంటే ఎవరూ నేర్పరు. కాబట్టి ఒప్పందంలోనే వేళలు రాసుకోవాలి. రద్దీ వేళ ట్రైనీ చూస్తాడు, అందిస్తాడు. మధ్యాహ్నం ఖాళీలో ఫార్మసిస్టు పొద్దుటి చీటీల్లో మూడు తీసి అడుగుతాడు. హెచ్1 జాబితాలోని మందులు అమ్మినప్పుడు నింపాల్సిన హెచ్1 రిజిస్టరు రాయడం ఆ వేళలోనే: రాసిన డాక్టరు పేరు, చిరునామా, రోగి పేరు, మందు, ఎంత ఇచ్చారు. ఆ రిజిస్టరు మూడేళ్లు దాచాలి. లైసెన్సు మీద ఫార్మసిస్టు పేరు గోడకు ఉండి, మనిషి మాత్రం ఎప్పుడూ కనపడని షాపులకు పిల్లల్ని పంపడం కాలేజీలు మానేయాలి. సర్టిఫికెట్ అద్దెకిచ్చే అలవాటు పిల్లలకు అక్కడే మొదటి పాఠంగా అబ్బుతుంది. చెప్పకుండా ఒకసారి వెళ్లి చూస్తే తెలిసిపోయే విషయమిది.

లాగ్‌బుక్కులు ఆఖరి వారంలో ఒకే పెన్నుతో నిండుతాయి, అందరికీ తెలిసిందే. దాన్ని ఆపడానికి ఉపదేశం పనిచేయదు, నమూనా మార్చాలి. రోజుకు ఒక పేజీ బదులు పనికి ఒక పేజీ పెట్టండి. పొడి సీసాలు పది, పిల్లల మోతాదు లెక్కలు ఇరవై, ఇన్సులిన్ వివరణ అయిదు, హెచ్1 నమోదులు పది, ఫ్రిజ్ ఉష్ణోగ్రత రెండు పూటలా నెల రోజులు. ప్రతి వరుసలో మందు, మోతాదు, అడిగిన ప్రశ్న, సరిచూసినవాళ్ల సంతకం, తప్పైతే ఏం తప్పు. రోగి పేరు రాయకూడదు. పదిహేను రోజులకోసారి ట్రైనీ ఒక పూట కాలేజీకి వచ్చి, పుస్తకంలో ‘వచ్చు’ అని రాసి ఉన్న పనుల్లో రెండు, ఏవో ముందుగా చెప్పకుండా, ఇంకొకరి ముందు చేసి చూపాలి. ఆ పూటను 500 గంటల్లో కలపనక్కర్లేదు. తప్పిన పని ఒక్కటే మళ్లీ చేయాలి, మొత్తం ట్రైనింగ్ కాదు. రెండోసారి చూసేది మొదట చూసినవారు కాకూడదు.

ఈ ఫలితాలను విద్యార్థి పేరుతోనే కాక చోటు పేరుతో కూడా ఒక పట్టికలో వేయాలి. ఒక షాపు నుంచి వచ్చిన నలుగురూ ఇన్సులిన్ దగ్గరే తడబడితే లోపం పిల్లల్లో కాదు, అక్కడ ఇన్సులిన్ అమ్మకమే లేకపోవచ్చు. వాళ్లను ఓ రెండు వారాలు ఏరియా ఆసుపత్రి వైపు మార్చాలి. ఓపీ కౌంటర్ నుంచి వచ్చినవాళ్లు రోగితో మాట్లాడటంలో వెనకపడితే వాళ్లను చిన్న షాపుకు పంపాలి, కనిగిరి దాటాక మధ్యాహ్నం ఖాళీగా ఉండే ఆ షాపు ఇందుకు బాగా పనికొస్తుంది. అన్ని కాలేజీల్లో పరీక్షకులందరూ ఒకే వరుస దగ్గర వాదులాడుకుంటుంటే ఆ వరుసను కొత్త బ్యాచి రాకముందే తిరగరాయాలి.